కిక్కిస కాండంలోని కీటకాలు, వాటిపై ఆధారపడిన బదనిక కందిరీగలు

1863వ సంవత్సరంలో వియన్నాలోని జంతు, వృక్షశాస్త్ర సంఘం సంచికలో జోసెఫ్ ఎతియెన్ జిరో అనే వైద్యుడు ఫ్రెంచి భాషలో ఒక దీర్ఘ వ్యాసాన్ని ప్రకటించాడు. నీటి ఒడ్డున పెరిగే ఒకే ఒక్క గడ్డి జాతిలో నివసించే కీటకాలు, అందులోనూ ముఖ్యంగా కందిరీగల వర్గానికి చెందినవి ఆ వ్యాసానికి విషయం. ఎండిన కాండాలను కోసి తెచ్చి, భద్రపరచి, వాటి నుండి ఏ కీటకం వెలువడుతుందో ఓపికగా కనిపెట్టడమే ఆయన అనుసరించిన పద్ధతి. ఆ రచనలో మొదటిసారిగా వర్ణింపబడిన బదనికలలో కొన్ని నేటికీ ఆయన పెట్టిన జాతి నామంతోనే వ్యవహారంలో ఉన్నాయి. నూట అరవై ఏళ్లు గడిచినా ఆ పద్ధతికి సాటి వచ్చేది మరొకటి రాలేదు. అయితే పద్ధతి ఎంత సులభమో, దాని ఫలితాలను తప్పుగా చదవడం కూడా అంతే సులభం. సస్యరక్షణ సిఫారసులలో కనిపించే “సహజ శత్రువుల జాబితా”లలో చాలా భాగం ఇటువంటి పెంపకం నుండి వచ్చినవే కనుక, ఈ విషయాన్ని కొంత వివరంగా పరిశీలించడం అవసరం.

జిరో పరిశీలించిన గడ్డి ఫ్రాగ్మైటిస్ ఆస్ట్రాలిస్. ఆయన కాలంలో దానిని ఫ్రాగ్మైటిస్ కమ్యూనిస్ అనేవారు. తెలుగు ప్రాంతాలలో, విశేషించి కొల్లేరు పరిసరాలలో కిక్కిస అని పిలువబడే గడ్డి దీనికి అతి సమీప బంధువైన ఫ్రాగ్మైటిస్ కర్కా. క్షేత్ర నివేదికలలో కిక్కిసను, రెల్లును, జమ్మును ఒకటిగా రాసే అలవాటు ఉన్నది. రెల్లు చెరకు ప్రజాతికి చెందిన సాక్రమ్ స్పాంటేనియమ్. జమ్ము అసలు గడ్డి కుటుంబానికే చెందని టైఫా. మూడింటి కాండ నిర్మాణం వేరు, మూడింటిలోని కీటకాలు వేరు. మొక్క పేరు తప్పితే ఆ తరువాత రాసిన కీటకం పేరుకు, బదనిక పేరుకు విలువ ఉండదు.

కిక్కిస ప్రజాతి కాండం కీటకానికి ఇల్లుగా ఎందుకు పనికివస్తుందో మొదట చూడాలి. కణుపుల మధ్య కాండం బోలుగా ఉంటుంది. బయటి గోడ గట్టిది. లోపల మాత్రం లేత దశలో మెత్తని కణజాలం ఉంటుంది. ఆకు తొడుగులు కాండాన్ని పొరలు పొరలుగా చుట్టుకుని ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యమైన లక్షణం, కాండం ఎండిపోయిన తరువాత కూడా ఒకటి రెండు సంవత్సరాలు కూలకుండా నిలిచి ఉండడం. శీతల దేశాలలో చలికాలమంతా నిలబడే ఈ కాండాలే అనేక కీటకాలకు శీతాకాలపు ఆవాసం. ఐరోపాలో ఈ మొక్కను ఆశించే శాకాహార కీటకాలు 140కి పైగా నమోదు కాగా, వాటిలో దాదాపు సగం ఈ మొక్కకే పరిమితమైనవి. ఆశించే కీటకం ఉన్నచోట దానిని ఆశించే బదనిక ఉండడం సహజమే. చెప్పుకోదగిన ప్రశ్న వేరు: గట్టి గోడ వెనుక దాగిన పురుగును కందిరీగ ఎలా చేరుతుంది?

ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ లిపారా ల్యూసెన్స్ అనే ఈగ. 1830లో మైగెన్ వర్ణించిన ఈ ఈగ క్లోరోపిడే కుటుంబానికి చెందినది. సంవత్సరానికి ఒకే తరం. వసంతం చివర వెలువడిన మగ ఈగ ఒక కాండం నుండి మరొక కాండానికి ఎగురుతూ, వాలిన ప్రతిచోటా తన శరీర కంపనాలను కాండంలోనికి పంపుతుంది. ఆడ ఈగ అదే కాండంపై ఉంటే బదులు కంపనం ఇస్తుంది. దానిని బట్టి మగది చేరుకుంటుంది. కాండం ఇక్కడ ఇల్లు మాత్రమే కాదు, సందేశ వాహిక కూడా. గుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగు చుట్టుకుని ఉన్న లేత ఆకుల మధ్యగా మొవ్వులోనికి దిగుతుంది. వరిలో మొవ్వు చనిపోవడం చూసిన విద్యార్థికి ఇక్కడ జరిగేది ఆశ్చర్యం కలిగించవచ్చు. లిపారా పిల్లపురుగు మొవ్వును వెంటనే చంపదు. పెరుగుదల బిందువుకు పైభాగాన నిలిచి, కణుపుల మధ్య దూరం సాగకుండా చేస్తుంది. పదికి పైగా కణుపులు ఒకదానిపై ఒకటి అణిగి, చుట్టూ ఆకు తొడుగులు పేర్చుకుని, కాండం కొన చుట్ట ఆకారంలో ఉబ్బుతుంది. ఇదే గాల్ అని శాస్త్రజ్ఞులు పిలిచే బుడిపె. అది పూర్తిగా ఏర్పడిన తరువాతనే పిల్లపురుగు పెరుగుదల బిందువును కొరికి, క్రిందనున్న గదిలోనికి దిగి, అక్కడి మెత్తని కణజాలాన్ని తిని, చలికాలాన్ని అక్కడే గడిపి, వసంతంలో ప్యూపా దశకు మారుతుంది.

బుడిపె గోడ గట్టిపడిన తరువాత లోనికి పోవడం కష్టం. ఈ ఇబ్బందిని రెండు బదనికలు రెండు విధాలుగా అధిగమించాయి. పోలెమోకార్టస్ లిపారే అనే బ్రాకోనిడ్ కందిరీగ బుడిపె గట్టిపడక ముందే, అంటే ఈగ తొలి దశలోనే, దాని శరీరంలో గుడ్డు పెడుతుంది. ఆ తరువాత అది తొందరపడదు. ఈగ పిల్లపురుగు బుడిపెను కడుతుంది, తింటుంది, పెరుగుతుంది. బదనిక పిల్లపురుగు దాని లోపల చిన్నదిగానే ఉండిపోతుంది. ఈగ ప్యూపా కవచంలోనికి చేరిన తరువాత దానిని పూర్తిగా తినివేసి, ఆ కవచం నుండే వెలువడుతుంది. ఈ కందిరీగ చేరిన అలీసిఇనే ఉపకుటుంబంలో దవడలు విచిత్రంగా ఉంటాయి. వాటి పళ్లు లోనికి గాక బయటికి తిరిగి ఉండి, రెండు దవడలూ మూసినప్పుడు ఒకదానినొకటి తాకవు. కొరకడానికి అవి పనికిరావు; కవచాన్ని లోపలి నుండి బయటికి నెట్టి పగులగొట్టడానికి మాత్రం సరిగ్గా సరిపోతాయి. రెండవదైన స్టెనోమలైనా లిపారే టెరోమలిడే కుటుంబానికి చెందిన కందిరీగ. ఇది ఎదిగిన ఈగ దశపై బయటినుండి అంటిపెట్టుకుని తింటుంది. ఆతిథేయిని పెరగనిచ్చి లోపల వేచి ఉండే విధానం ఒకటి, దొరికిన దశలోనే దాని ఎదుగుదలను ఆపి తినివేసే విధానం మరొకటి. బదనికల ప్రపంచంలో ఈ విభజన చాలా లోతైనది. మొదటి రకానికి ఆతిథేయి శరీర రక్షణ వ్యవస్థతో నిత్యం పోరాటం ఉంటుంది కనుక అవి సాధారణంగా కొద్ది ఆతిథేయిలకే పరిమితమవుతాయి. రెండవ రకానికి ఆ కట్టుబాటు తక్కువ. ఒక జాబితాలో రెండూ పక్కపక్కనే కనిపించినా వాటి క్షేత్ర ప్రాముఖ్యం ఒకటి కాదు.

ఈగ వెళ్లిపోయిన తరువాత బుడిపె ఖాళీగా ఉండదు. పెంపకపు లెక్కలు ఎక్కువగా తప్పేది ఇక్కడనే. రెండవ ఏట ఆ పాత బుడిపెలో హైలియస్ పెక్టొరాలిస్ అనే చిన్న తేనెటీగ గూడు కడుతుంది. గదులకు సన్నని పారదర్శక పొరను తన స్రావంతోనే పూస్తుంది. పెంఫ్రెడాన్ ఫాబ్రిసీ అనే వేట కందిరీగ అదే చోట పేనుబంకను నింపుకుంటుంది. ట్రిపాక్సిలాన్ ప్రజాతి కందిరీగలు సాలెపురుగులను నింపుతాయి. ఈ కొత్త కాపురస్తులకు మళ్లీ వారి వారి శత్రువులున్నాయి. ఉదాహరణకు గాస్టెరప్టియాన్ ప్రజాతి కందిరీగ పొడవైన అండనిక్షేపకంతో తేనెటీగ గదిలో గుడ్డు పెడుతుంది. దాని పిల్లపురుగు తేనెటీగ సంతానాన్ని తిని, ఆపై మిగిలిన పుప్పొడి నిల్వను కూడా తింటుంది. దీనిని బదనిక అనాలా, దొంగ అనాలా అన్నది తేలని చర్చ. ఇవిగాక మొదటి ఏటి బుడిపెలోనే ఈగతో పాటు, బుడిపె కట్టే శక్తి లేని క్రిప్టోనెవ్రా వంటి ఇతర ఈగలు అద్దెకున్నట్లు ఉంటాయి. వాటి బదనికలు వేరు.

కనుక “లిపారా బుడిపెల నుండి పెంచబడినది” అని చీటీపై రాసిన కందిరీగకు ఆతిథేయి లిపారా కావచ్చు, అద్దె ఈగ కావచ్చు, తేనెటీగ కావచ్చు, వేట కందిరీగ కావచ్చు. మరొక బదనిక కూడా కావచ్చు. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. కాండం నుండి వెలువడిన కందిరీగ అసలు బదనికే కాకపోవచ్చు. టెట్రామీసా ఫ్రాగ్మైటిస్ యూరిటోమిడే కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో అనేక జాతులు బదనికలే. కాని టెట్రామీసా పూర్తిగా శాకాహారి. కాండపు కణజాలాన్నే తింటుంది. కుటుంబ స్థాయి వరకు గుర్తించి, “చాల్సిడ్ బదనిక” అని ముగించిన నివేదికలో ఇటువంటి మొక్క తినే కందిరీగ కూడా మిత్ర కీటకంగా చెలామణి అవుతుంది. ఇది ప్రయోగశాలలో చిన్న తప్పు; సిఫారసు పత్రంలోనికి ఎక్కితే పెద్ద తప్పు.

పెంపకం ఎలా జరగాలన్నది ఈ చిక్కులన్నిటినీ దృష్టిలో ఉంచుకుని నిర్ణయించుకోవాలి. కట్టలు కట్టలుగా కాండాలను తెచ్చి ఒక పెట్టెలో వేసి, పైన గాజు సీసా బిగించి, వెలుగు వైపు వచ్చిన కీటకాలను ఏరుకోవడం చాలాకాలంగా వాడుకలో ఉన్న విధానం. ఒక ప్రాంతంలో ఏయే జాతులున్నవో తెలుసుకోవడానికి అది చాలు. ఏది దేనిని ఆశించినదో తెలుసుకోవడానికి అది బొత్తిగా పనికిరాదు. దానికి ఒక్కొక్క బుడిపెను, లేదా ఒక్కొక్క కణుపు ముక్కను, విడివిడిగా గాజు గొట్టంలో ఉంచి దూదితో మూయాలి. కోసిన తేది, స్థలం, కాండం మందం, అది ఈ ఏటిదా పాతదా అన్న నాలుగు వివరాలు చీటీపై పెన్సిలుతో రాయాలి. సిరా ఆల్కహాలులో చెరిగిపోతుంది. తేమ తక్కువైతే పిల్లపురుగు ఎండుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. వారానికి ఒకసారి దూదిని కొద్దిగా తడపడం సాధారణంగా సరిపోతుంది. కీటకం వెలువడిన రోజునే గొట్టాన్ని పారవేయకూడదు. కాండాన్ని నిలువునా చీల్చి, లోపల మిగిలిన ప్యూపా కవచాన్ని, తల కవచాన్ని, ఎండిన చర్మాన్ని తీసి, కందిరీగతో పాటు అదే సీసాలో భద్రపరచాలి. ఆతిథేయి ఎవరో చెప్పే సాక్ష్యం ఆ అవశేషమే. పురుగు లేని కందిరీగ నమూనా సగం నమూనా మాత్రమే.

ఏమీ వెలువడని గొట్టాలను కూడా చీల్చి చూడాలి. దీనిని చాలామంది విడిచిపెడతారు. ఊహించిన ఒక లెక్క తీసుకుందాం. మార్చిలో 200 బుడిపెలు తెచ్చినట్లు అనుకుంటే, 90 నుండి ఈగలు, 20 నుండి పోలెమోకార్టస్, 10 నుండి స్టెనోమలైనా వెలువడినవి. 80 నుండి ఏమీ రాలేదు. వెలువడిన 120లో 30 బదనికలు కనుక 25 శాతం అని ఒకరు రాస్తారు. తెచ్చిన 200లో 30 కనుక 15 శాతం అని మరొకరు రాస్తారు. ఇద్దరిదీ ఒకే సమాచారం. ఆ 80ని చీల్చి చూస్తే 50లో పురుగు నిలదొక్కుకున్న ఆనవాలే లేదు, 20లో ఈగ చచ్చి ఉన్నది, 10లో బదనిక బయటికి రాలేక చచ్చి ఉన్నది అనుకుందాం. అప్పుడు పురుగు నిజంగా ఉన్న బుడిపెలు 150; వాటిలో బదనిక సోకినవి 40; అంటే సుమారు 27 శాతం. వీటిలో 60 పాత బుడిపెలు కలిసిపోయి ఉంటే, మొత్తంపై లెక్కించిన శాతం 12కు దిగువకు పడిపోయేది. ఏ సంఖ్యను భాగహారంలో క్రింద ఉంచారో చెప్పని శాతానికి అర్థం లేదు. అలాగే కోసిన తేది తరువాత ఆశించవలసిన బదనిక ఆ గొట్టంలో ఎన్నటికీ కనిపించదు. శరదృతువులో కోసిన కాండాలు, వసంతంలో కోసిన కాండాలు ఒకే పొలానివైనా రెండు వేర్వేరు జాబితాలు ఇవ్వడానికి కారణం ఇదే.

లిపారా బుడిపె కంటికి కనిపిస్తుంది. జిరాడియెల్లా ఇంక్లూసా అనే గాల్ ఈగ చేసే బుడిపె కనిపించదు. కాండం గోడ లోపలివైపు వరి గింజ పరిమాణంలో, గింజ ఆకారంలోనే, ఒక్కొక్క పురుగుకు ఒక్కొక్కటి చొప్పున ఏర్పడతాయి. కాండాన్ని చీలిస్తేనే బయటపడతాయి. ఇది వరిలో ఉల్లికోడు ఈగ చేరిన సెసిడోమయిడే కుటుంబానికే చెందినది. దీని బదనికలలో టోరిమస్ అరుండినిస్, అప్రోస్టోసీటస్ కలమారియస్, అప్రోస్టోసీటస్ గ్రాటస్, ప్లాటిగాస్టర్ ప్రజాతి జాతులు ముఖ్యమైనవి. టోరిమస్ తన పొడవైన అండనిక్షేపకంతో కాండం గోడను గుచ్చి బుడిపెను చేరుతుంది. గోడ మందం అండనిక్షేపకం పొడవును మించితే లోపలి పురుగు దాని నుండి సురక్షితం. ప్లాటిగాస్టర్ మార్గం పోలెమోకార్టస్ మార్గం వంటిది: ఈగ గుడ్డు దశలోనే ఆశించి, పిల్లపురుగు ఎదిగిన తరువాత చంపుతుంది. దానికి గోడ మందంతో నిమిత్తం లేదు.

జర్మనీలో టేయా చార్న్‌కే ఈ వ్యవస్థపై 1980ల నుండి చేసిన పరిశోధనలు, కేవలం జాబితాతో సరిపెట్టుకోకూడదని చెప్పడానికి మంచి ఉదాహరణ. ఆర్కనారా జెమినిపంక్టా అనే రెక్కల పురుగు గొంగళి కాండాన్ని తొలిచి మొవ్వును చంపుతుంది. మొవ్వు చచ్చిన కాండం పక్క పిలకలు వేస్తుంది. గాల్ ఈగలకు ఆ పక్క పిలకలు అనుకూలమైన చోటు. అంటే ఒక పురుగు చేసిన నష్టం మరొక పురుగుకు ఇల్లు కడుతున్నది. చలికాలంలో నీలి టిట్ అనే చిన్న పిట్ట కాండాన్ని ముక్కుతో చీల్చి ఈ బుడిపెలను తింటుంది. అది ఎక్కువ బుడిపెలు గుంపుగా ఉన్న కాండాలనే ఎంచుకుంటుంది. బదనికకు కూడా గుంపుగా ఉన్న చోటే ఎక్కువ ఆతిథేయిలు. కాని పిట్ట పురుగును తిన్నప్పుడు దాని లోపలి బదనికను వేరు చేసి విడిచిపెట్టదు. అందువలన పురుగుల సాంద్రత పెరిగినకొద్దీ బదనిక సోకడం ఎలా మారుతుందన్న సంబంధం, పిట్టలు తిరగకముందు ఒక విధంగా, తిరిగిన తరువాత మరొక విధంగా కనిపిస్తుంది. 1992లో ప్రచురించిన వ్యాసంలో ఆయన మొక్క, పురుగు, బదనిక, పక్షి అనే నాలుగు అంచెల ఈ ప్రభావాన్ని వివరించాడు. ఫిబ్రవరిలో కోసిన కాండాల నుండి బదనిక శాతం లెక్కించేవారు పిట్ట ముక్కు గుర్తులున్న కాండాలను కూడా లెక్కలో చేర్చుకోవలసిన అవసరం దీనిని బట్టి అర్థమవుతుంది.

ఆర్కనారా విషయంలో మరొక సంగతి ఉన్నది. దాని గొంగళి ఒక కాండంతో సరిపెట్టుకోదు. పెరిగినకొద్దీ మరింత లావైన కాండాలకు మారుతుంది. చివరకు ప్యూపా దశకు పట్టేంత లావు కాండం దొరకాలి. దాడి తీవ్రంగా జరిగిన మరుసటి ఏడాది కొత్త పిలకలు సన్నగా వస్తాయి కనుక, గొంగళ్లు తమ ఇంటిని తామే ఇరుకు చేసుకుని, సంఖ్యలో హఠాత్తుగా తగ్గిపోతాయి. ఇటువంటి పతనాన్ని చూసిన పరిశీలకుడు దానిని ప్యూపాను ఆశించే ఇక్న్యూమానిడ్ కందిరీగల ఘనతగా రాయడానికి అవకాశం ఉన్నది. ఛాస్మియాస్ పాల్యుడేటర్ వంటి కందిరీగలు ఆ ప్యూపాల నుండి నిజంగానే వెలువడతాయి. కాని వెలువడడం వేరు, పురుగు సంఖ్యను అదుపు చేయడం వేరు. లిపారా ల్యూసెన్స్ సంగతి దీనికి తలకిందులు: అది సన్నని, పోషకాహారం చాలని కాండాలలోనే బాగా బ్రతుకుతుంది. ఒకే కిక్కిస పొదలో లావు కాండాలు ఒక సమాజానికి, సన్న కాండాలు మరొక సమాజానికి చెందినవన్న మాట.

ఈ పరిజ్ఞానం ఉత్తర అమెరికాలో వేరొక ప్రయోజనానికి అక్కరకు వచ్చింది. అక్కడ ఐరోపా నుండి చేరిన ఫ్రాగ్మైటిస్ రకం సరస్సుల తీరాలను ఆక్రమించి, స్థానిక ఉపజాతిని అణచివేస్తున్నది. ఖండంలో దానిని ఆశించేవిగా నమోదైన 26 శాకాహార జాతులలో స్థానికమైనవి అయిదే. ఈ నేపథ్యంలో ఆర్కనారా జెమినిపంక్టా, దాని దగ్గరి బంధువు ఆర్కనారా న్యూరికా అనే రెండు కాండం తొలిచే పురుగులపై దీర్ఘకాలం పరీక్షలు జరిగాయి. అనుమతి లభించిన తరువాత 2019లో కెనడాలోని ఒంటారియోలో వాటిని విడుదల చేశారు. ఇక్కడ బదనికలు కోరదగినవి కావు. కలుపును తినే పురుగు వెంట దాని బదనిక కూడా దిగితే శ్రమంతా వృథా. అందువలన విదేశాల నుండి తెచ్చిన పురుగును నిర్బంధ ప్రయోగశాలలో పెంచి, బదనిక లేని సంతానాన్నే బయటికి పంపుతారు. ఒక చోట మిత్రుడనిపించుకున్న కందిరీగ మరొక చోట శత్రువు కావడం వ్యవసాయ కీటకశాస్త్రంలో అరుదేమీ కాదు.

మన వరి, చెరకు సాగుకు ఈ చర్చతో గల సంబంధం రెండు మార్గాలలో ఉన్నది. మొదటిది ఉల్లికోడు. దాని ప్రధాన బదనిక ప్లాటిగాస్టర్ ఒరైజే. ఈ కందిరీగ ఈగ గుడ్డులో పెట్టిన ఒక్క గుడ్డు విభజన చెంది, ఒకే పిల్లపురుగులో పదుల కొద్దీ పిండాలుగా మారుతుంది. దీనినే బహుపిండత అంటారు. ఉల్లికాడ వంటి గొట్టాన్ని చీల్చినప్పుడు, ఉబ్బి గట్టిపడిన పురుగు చర్మంలో చిన్న చిన్న గూళ్లు పేర్చినట్లు కనిపిస్తే అది ప్లాటిగాస్టర్ పనే. ఈ కందిరీగ లోపం శక్తి చాలకపోవడం కాదు, ఆలస్యం. పంట మొదట్లో దాని ఉనికి స్వల్పం. పైరు ముదిరి, పిలకలకు నష్టం జరిగిపోయిన తరువాత ఎక్కువగా కనిపిస్తుంది. ఈగలేని కాలంలో బదనికను నిలబెట్టే మరొక ఆతిథేయి గట్లపై ఉంటే ఈ ఆలస్యం తగ్గుతుందా అన్నది ప్రశ్న. ఆఫ్రికాలో దీనికి పోలికైన సందర్భం ఉన్నది. అక్కడ అరిక జాతి గడ్డిని ఆశించే ఓర్సియోలియా బోంజీ అనే ఈగ వరిని తాకదు. కాని దాని బదనికలైన ప్లాటిగాస్టర్ డిప్లోసిసే, అప్రోస్టోసీటస్ ప్రోసెరే వరి ఈగ ఓర్సియోలియా ఒరైజివోరాను కూడా ఆశిస్తాయి. గట్టు గడ్డి అక్కడ బదనికలకు నిజమైన ఆశ్రయం.

దీనిని చూసి కిక్కిసలో కూడా ప్లాటిగాస్టర్ ఉన్నది కనుక కిక్కిస పొదలు వరికి రక్షణ అని తేల్చడం సరికాదు. ప్రజాతి ఒకటైనంత మాత్రాన జాతి ఒకటి కాదు. జిరాడియెల్లాను ఆశించే ప్లాటిగాస్టర్లు వేరు, ఉల్లికోడును ఆశించేది వేరు. గుడ్డులో ప్రవేశించి లోపల వేచి ఉండే బదనికలకు ఆతిథేయి పరిధి ఇరుకుగా ఉంటుందని పైన చెప్పినది ఇక్కడ నేరుగా వర్తిస్తుంది.

రెండవది కొటేషియా ఫ్లేవిపెస్. ఖైలో ప్రజాతి పురుగులను, వరిలోనూ చెరకులోనూ కనిపించే గులాబి రంగు కాండం తొలిచే పురుగును ఆశించే ఈ చిన్న బ్రాకోనిడ్ కందిరీగ, గోడను గుచ్చే ప్రయత్నమే చేయదు. పురుగు తొలిచిన సొరంగంలోనికి నడిచిపోయి, ఎదురుగా నిలిచి గుడ్లు పెడుతుంది. పురుగు కొరికి చంపిన తల్లి కందిరీగలు ఆ సొరంగాలలో సామాన్యం. పాకిస్తాన్ నుండి సేకరించిన ఈ కందిరీగను 1993లో కెన్యా తీరప్రాంతంలో, మొక్కజొన్న, జొన్నలను ఆశించే ఖైలో పార్టెల్లస్‌పై విడుదల చేశారు, అది స్థిరపడింది. అయితే అక్కడి స్థానిక పురుగు బ్యుసియోలా ఫస్కా తొలిచిన మొక్కలకు కూడా ఈ కందిరీగ ఆకర్షింపబడి, ఆ పురుగులోనూ గుడ్లు పెడుతుంది. ఆ పురుగు రక్తకణాలు గుడ్లను చుట్టుముట్టి నాశనం చేస్తాయి. ఆకర్షణ ఉన్నది, దాడి ఉన్నది, సంతానం లేదు. అటువంటి ఆతిథేయి బదనికకు ఆశ్రయం కాదు, ఊబి. గట్టు మీది అడవి గడ్డిలో ఉన్న పురుగు ఈ రెండింటిలో ఏది అన్నది పెంపకమే తేల్చగలదు. అదీ ఆ గడ్డి నుండి వెలువడిన కందిరీగను పంట పురుగుపైకి వదిలి, తరువాతి తరం వచ్చేవరకు చూసినప్పుడు మాత్రమే.

సంబంధం రుజువైన సందర్భం కూడా ఒకటి ఉన్నది. హయలోప్టెరస్ ప్రూనీ అనే పిండి పేనుబంక వేసవిలో కిక్కిస ప్రజాతిపై, మిగిలిన కాలంలో రేగు బంధువులు కాని ప్రూనస్ జాతి ఫలవృక్షాలపై బ్రతుకుతుంది. దాని బదనిక అఫీడియస్ ట్రాన్స్‌కాస్పికస్ రెండుచోట్లా వెంటాడుతుంది. మధ్యధరా ప్రాంతం నుండి ఈ కందిరీగను కాలిఫోర్నియాకు కూడా తీసుకువెళ్లారు. ఇక్కడ ఆతిథేయి ఒకటే, బదనిక ఒకటే. మారినది మొక్క మాత్రమే. కిక్కిస పొద తోటకు ఉపకరిస్తుందన్న మాట ఇటువంటి చోట నిలుస్తుంది. బదనిక సోకిన పేనుబంక ఉబ్బి, చర్మం కాగితంలా గట్టిపడి ఆకుకు అంటుకుని ఉంటుంది. ప్రాన్ ప్రజాతి బదనిక సోకితే ఖాళీ చర్మం క్రింద గూడు వేరుగా గుడారంలా కనిపిస్తుంది. ఈ ఒక్క తేడాతో క్షేత్రంలోనే రెండింటినీ వేరుచేయవచ్చు.

ఇక మిగిలినది కోత, దహనం. ఐరోపాలో పైకప్పుల కోసం చలికాలంలో ఈ గడ్డిని కోస్తారు. ఫ్రాన్సులోని కమార్గ్ ప్రాంతంలో జరిగిన అధ్యయనంలో, కోత వలన పొదలలోని కీటక, సాలీడు సమాజం మారి, వాటిపై ఆధారపడిన పక్షులకు ఆహారం తగ్గే ప్రమాదం ఉన్నదని తేలింది. కాండంలో చలికాలం గడిపే జాతులకు కోత అంటే ఇంటితో సహా తరలిపోవడమే. దహనం అంతకంటే తీవ్రం. కొల్లేరు వాతావరణం వేరు, అక్కడ మంచు లేదు, కిక్కిస కర్కా జాతి. అయినా కాండంలో తలదాచుకునే కీటకానికి నిలువెండు కాండం అవసరమన్న సూత్రం మారదు. 1999లో అభయారణ్యంగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన ఈ సరస్సులో కిక్కిస విపరీతంగా వ్యాపించడం ఒక సమస్య. దానిని తొలగించడం కొంత మేరకు అనివార్యం. తొలగింపు మొత్తం ఒకే ఏడాది, ఒకే ఋతువులో జరపడం మాత్రం అనివార్యం కాదు. పట్టీలు పట్టీలుగా, ఒక పట్టీలో రెండేళ్ల కాండాలు ఎల్లప్పుడూ నిలిచి ఉండేటట్లు కోస్తే, మొదటి ఏటి బుడిపెల వంటి ఆవాసాలలోని బదనికలు, రెండవ ఏటి పాత కాండాలలోని గూడు కట్టే జాతులు రెండూ మిగులుతాయి.

కోసిన కాండాలను వెంటనే తగులబెట్టవలసిన పని కూడా లేదు. వరిలో పసుపు రంగు కాండం తొలిచే పురుగు గుడ్ల సముదాయాలను ఏరి, వెదురు బుట్టలలో పొలంలోనే నిలబెట్టి, గుడ్డు బదనికలను బయటికి పోనిచ్చే పద్ధతి మన విస్తరణ సిబ్బందికి పరిచితమే. అదే సూత్రంతో కిక్కిస కట్టలను సన్నని వలగుడ్డ కింద గట్టున ఉంచవచ్చు. వల కన్ను ఒక మిల్లీమీటరు ఉంటే ప్లాటిగాస్టర్, అప్రోస్టోసీటస్ పరిమాణపు కందిరీగలు దాటిపోతాయి. రెక్కల పురుగులు, బుడిపె ఈగలు లోపలే ఉండిపోతాయి. ఇక్న్యూమానిడ్ల వంటి పెద్ద కందిరీగలు కూడా లోపలే చిక్కుతాయి కనుక, అవి వెలువడే వారాలలో ప్రతి ఉదయం వల ఎత్తి వాటిని చేతితో విడిచిపెట్టవలసి ఉంటుంది.